లియాన్ దీపాల పండుగ: గోడ మీది వెలుగు, కిటికీలోని వెలుగు

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరం నడిబొడ్డున ఏటా డిసెంబరు 8కి అటూ ఇటూగా నాలుగు రాత్రుల పాటు జరిగే ‘ఫెత్ దె ల్యుమియేర్’ను, అంటే దీపాల పండుగను, మా అమ్మతో కలిసి 7, 8 తేదీల సాయంత్రాలలో చూశాను. వీధుల్లో తిరిగి చూడడానికి టికెట్టు లేదు. డబ్బు పెట్టి చూసిన ప్రదర్శనలు చాలావరకు మరచిపోయాను గానీ, దీన్ని మరచిపోలేను.

మొదట చూడవలసింది టెర్రో కూడలి. తూర్పున నగరపాలక భవనం, దక్షిణాన లలితకళల మ్యూజియం ఉండడం వల్ల రెండు భవనాల ముందు గోడలూ కలిసి, ప్రొజెక్టర్లతో వేసే కదిలే బొమ్మలకు ఒకే తెరగా మారతాయి. కళాకారులు ఆ గోడల్లోని ప్రతి కిటికీ, ప్రతి స్తంభం కొలతలను ముందే లెక్కగట్టి బొమ్మను సిద్ధం చేసుకుంటారు కనుక, రాతి స్తంభం నిజంగానే వంగినట్టు, మూసిన కిటికీ తెరుచుకున్నట్టు కళ్లకు కనిపిస్తుంది. కొన్ని నిమిషాల ప్రదర్శన మళ్లీ మళ్లీ సాగుతుంది. మొదటిసారి బొమ్మను చూసి, రెండవసారి గోడను చూడమని నా సూచన. ఏ గోడ మీద వేసినా ఒకేలా ఉండే రంగులు మాత్రం, ఎక్కడ కనబడినా, నన్ను నిలబెట్టలేకపోయాయి.

ఈ పండుగ పుట్టుక ప్రొజెక్టర్లలో లేదు. 1852లో ఊళ్లోని ఫూర్వియేర్ కొండ మీద మేరీమాత విగ్రహాన్ని సెప్టెంబరు 8న ఆవిష్కరించాలనుకోగా, సోన్ నది వరదల వల్ల శిల్పి పని ఆలస్యమై తేదీ డిసెంబరు 8కి మారింది. ఆ రోజు కూడా గాలివాన వచ్చి వేడుక ఆగిపోతుందనుకున్న వేళ, సాయంత్రానికి ఆకాశం తేటపడడంతో, ఊరివాళ్లు ఎవరికి వారే కిటికీల్లో కొవ్వొత్తులు వెలిగించారు. నేటికీ 8వ తేదీ సాయంత్రం ఆ ఆచారం సాగుతోంది. పాత బస్తీ సందులో రెండవ అంతస్తు కిటికీ దగ్గర ఒక పెద్దావిడ గాజు గ్లాసుల్లో పొట్టి కొవ్వొత్తులను వరసగా పెట్టి, గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి వెలిగిస్తుంటే, “కార్తీకంలో మనం చెయ్యి పెట్టినట్టే పెడుతోందే!” అని అమ్మ అక్కడే ఆగిపోయింది. ఆ ఐదారు దీపాల ముందు మేము నిలబడ్డంతసేపు మరే ప్రదర్శన ముందూ నిలబడలేదు.

శనివారం రద్దీ విపరీతం. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఆ నాలుగు రాత్రుల్లో వారాంతం కాని రోజును ఎంచుకోవడం మేలు. అయితే 8వ తేదీని మాత్రం వదులుకోవద్దు. చలికి చేతి తొడుగులు, నడకకు మెత్తటి బూట్లు తప్పనిసరి. ఆ గాజు గ్లాసులూ కొవ్వొత్తులూ ఊళ్లో దొరుకుతాయి. మేమూ నాలుగు కొని, బస చేసిన గది కిటికీలో వెలిగించి, అవి కొండెక్కేదాకా కూర్చున్నాం.