టీం క్లీనింగ్ పెట్టి 8 నెలలైంది: ఏది పనిచేసింది, ఏది తలనొప్పి అయింది

ముందే చెప్పేస్తున్నా, దీన్ని నేను ఇష్టపడి పెట్టలేదు. పైవాళ్లు ఒక ట్రైనింగ్ ఏజెన్సీని మాట్లాడుకొచ్చి "వచ్చే సోమవారం నుంచి కొత్త పద్ధతి" అన్నారు, అంతే. ఐదు ఫ్లోర్ల ఆఫీసు బిల్డింగు, రాత్రి షిఫ్టులో 11 మంది హౌస్‌కీపింగ్ వాళ్లు, వాళ్ల మీద నేను సూపర్‌వైజర్‌ని. ఎనిమిది నెలలు నడిపాక ఇప్పుడు అడిగితే పద్ధతికి 5కి 4 ఇస్తాను, తెచ్చిపెట్టిన ఏజెన్సీకి మాత్రం 2 కంటే ఎక్కువ ఇవ్వబుద్ధి కావడం లేదు. ఈ రెండిటికీ వేరువేరుగా మార్కులెయ్యాలని తెలియడానికే నాకు మూడు నెలలు పట్టింది.

ఇంతకుముందు మాది అందరికీ తెలిసిన లెక్కే. ఫ్లోరుకి ఇద్దరు, ఆ ఫ్లోర్లో డస్ట్‌బిన్ నుంచి కమోడ్ దాకా అన్నీ వాళ్లే. రిసెప్షనూ మెట్లూ పదకొండో మనిషివి. టీం క్లీనింగ్‌లో ఫ్లోరు ఎవరిదీ కాదు, ఒక్కో పని ఒక్కొక్కరిది. డస్ట్‌బిన్లు ఖాళీ చేసి బల్లలు, తలుపు హ్యాండిళ్లు తుడిచేవాళ్లు ముందు వెళ్తారు. వాళ్ల వెనకే వ్యాక్యూమ్ కొట్టేవాళ్లు వస్తారు కాబట్టి పైనుంచి రాలిన దుమ్ము మళ్లీ మిగలదు. బాత్రూములు చేసేవాళ్లు అవే చేస్తారు. మాప్, అద్దాల తలుపులు, లిఫ్టులు, మెట్లు, చెత్త కిందికి దించడం లాంటి బరువు పనులకు ఇంకో ముగ్గురు. అందరూ పై ఫ్లోర్లో మొదలుపెట్టి కిందికి దిగుతూ వస్తారు, దాటొచ్చిన ఫ్లోర్లో లైట్లు ఆర్పేసుకోవచ్చు. నాకు నచ్చిన ఇంకో సంగతి, రాత్రి రెండింటికి ఎవరు ఎక్కడున్నారో వెతుక్కోనక్కర్లేదు.

మొదటి వారంలోనే తేడా కనిపించింది మా స్టోర్ రూంలో. పాత పద్ధతిలో 11 మందికి 11 సెట్లు, అందులో మంచి మాప్ ఏదుంటే దాన్ని బీరువా వెనక దాచుకోవడం, ఎవరి బాటిల్లో ఏ మందు ఎంత కలిపారో దేవుడికే తెలియాలి. ఒకసారి బాత్రూం యాసిడ్‌లో బ్లీచింగ్ కలిపేస్తుంటే నేనే చూసి ఆపాను. "ఘాటుగా ఉంటే మరకలు తొందరగా పోతాయి సార్" అన్నాడు పాపం. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్ అని అతనికి ఎవరూ చెప్పలేదు, ఆ మాటకొస్తే అంతకుముందు నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఏ పనికి ఏ మందో ముందే కొలిచి కలిపిన బాటిళ్లు కిట్‌లో పెట్టి ఇస్తాం. గుడ్డలకు రంగులు పెట్టాం. ఎర్రది కమోడ్లకు, యూరినల్స్‌కు, పసుపుది వాష్‌బేసిన్లకు, నీలంది బల్లలకు, అద్దాలకు. చదువు రానివాళ్లకు కూడా ఒక్క రోజులో పట్టుబడింది, ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదా అని నాకే సిగ్గేసింది.

ఏజెన్సీ ట్రైనింగ్‌లో ఒక్క గంట మాత్రం నిజంగా బంగారం. వచ్చిన ట్రైనర్ బోర్డు మీద బొమ్మలేవీ గియ్యలేదు, గ్లోవ్స్ తొడుక్కుని నేరుగా రెండో ఫ్లోర్ బాత్రూంలోకి వెళ్లాడు. మావాళ్లు మందు కొట్టి వెంటనే గుడ్డతో తుడిచేస్తారు, మెరిసిందంటే పని అయిపోయినట్టే. ఆయన బాటిల్ తిప్పి లేబుల్ చదివించాడు. మేం వాడే మందు ఉపరితలం మీద 10 నిమిషాలు తడిగా ఉంటేనే క్రిములు చస్తాయని అందులో రాసుంది, అంటే ఇన్నేళ్లుగా మేం మందు కొట్టి మందునే తుడిచేస్తున్నాం. మరి పది నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడాలా అంటే, అక్కడే ఉంది కిటుకు. లోపలికి వెళ్లగానే కనిపించే మురికి కడిగేసి, కమోడ్లన్నిటికీ వరసగా మందు కొట్టి వదిలేశాడు. సబ్బునీళ్లు నింపాడు, పేపర్ రోల్ మార్చాడు, అద్దాలు తుడిచాడు, వాష్‌బేసిన్లు చేశాడు. మొదటి కమోడ్ దగ్గరికి తిరిగొచ్చేసరికి పది నిమిషాలూ దాటిపోయాయి. తర్వాత బ్రష్ వేసి, ఆఖర్న లోపలి మూల నుంచి వెనక్కి నడుస్తూ తలుపు దగ్గరికి వచ్చేలా మాప్ పెట్టాడు. మా పెద్దావిడ ఒకామె, ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నామె, గోడకు ఆనుకుని అంతా చూసి "ఈ పిల్లాడికి పని తెలుసు" అంది. ఆమె నోటి వెంట అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నేను వినలేదు.

మాప్ గురించి ఆయనే చెప్పిన ఇంకో విషయం కూడా పనికొచ్చింది. క్వాటర్నరీ అమ్మోనియం అని క్రిములు చంపే మందుల్లో ఒక రకం ఉంది, దాంట్లో నూలు మాప్ ముంచితే ఆ నూలే మందులో కొంత పట్టేసుకుంటుంది, నేలకు చేరేది పలచబడిన నీళ్లు. మైక్రోఫైబర్ ఫ్లాట్ మాప్‌లకు మారాం. వాటిని ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వెయ్యకూడదు, వేస్తే ఆ పోగులు మూసుకుపోయి నీళ్లు పీల్చవు. మొదటి బ్యాచ్ మేం అలాగే పాడుచేసుకున్నాం.

ఇక వీపుకు తగిలించుకునే వ్యాక్యూమ్. హెపా అనే సన్నటి ఫిల్టర్‌ది, కంటికి కనిపించని 0.3 మైక్రాన్ దుమ్మును కూడా 99.97 శాతం పట్టేస్తుందంటారు, కార్పెట్ ఉన్న క్యాబిన్లలో పని బాగా వేగంగా అవుతుంది, వైరు లాక్కుంటూ బల్లల కింద దూరే గోల లేదు. కానీ అది సుమారు 5 కిలోల బరువు, రాత్రంతా భుజాల మీద ఉంటుంది. మొదటి వారం వ్యాక్యూమ్ కొట్టే ఇద్దరూ మెడలు పట్టేసి వచ్చారు. బరువు పడాల్సింది నడుము బెల్టు మీద, భుజాల పట్టీలు మనిషి ఎత్తును బట్టి సర్దుకోవాలి. ఇది ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు, మాన్యువల్ తిరగేసి మావాడే కనిపెట్టాడు. మీ బిల్డింగు మొత్తం టైల్సే అయితే మాత్రం వీటి జోలికి పోకండి, దండగ.

ఏజెన్సీకి నేను మార్కులు కోసింది అసలు దీనికే. వాళ్లు జాబ్ కార్డులిచ్చారు, అంటే ఎవరు ఏ పనులు చెయ్యాలో రాసిన కార్డులు, వాటిలో ప్రతి పనికీ నిమిషాలు వేసి ఉన్నాయి. ఐ.ఎస్.ఎస్.ఎ. అనే క్లీనింగ్ పరిశ్రమ సంఘం ఒక్కో పనికి ఎంత టైం పడుతుందో లెక్కలు వేసి ప్రచురించింది, అలాంటి లెక్క మొదలుపెట్టడానికి మంచిదే. కానీ లిఫ్టు కోసం నిలబడే టైం, బకెట్ నీళ్లు మార్చుకురావడానికి పట్టే టైం, రాత్రి పది దాకా సీట్లోనే ఉండే ఉద్యోగి లేచేదాకా ఆగే టైం, ఇవేవీ మాకిచ్చిన కార్డుల్లో లేవు. దాంతో మొదటి నెల అందరూ 'లేటే', అందరికీ టెన్షనే. చివరికి నేనే రెండు రాత్రులు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వాళ్ల వెనకాల నడిచి కార్డులన్నీ తిరగరాశాను. ఎంత శుభ్రంగా కావాలో కూడా వాళ్లు అడగలేదు. అమెరికాలో విద్యాసంస్థల భవనాల నిర్వహణ చూసే ఆప్పా అనే సంఘం శుభ్రతకు 5 లెవెల్స్ పెట్టింది, 1 అంటే తళతళ, 5 అంటే గాలికొదిలేసినట్టు. మేం కూర్చుని బాత్రూములు, రిసెప్షన్ 2లో ఉండాలని, ఫైళ్ల గదులు 3లో ఉన్నా పర్లేదని అనుకున్నాకే ఆ నిమిషాలకు ఒక అర్థం వచ్చింది.

మనుషుల సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. బాత్రూంకి పెట్టినవాళ్లను మార్చొద్దు, చెయ్యగా చెయ్యగా వేగం వస్తుంది అన్నది ఏజెన్సీ మాట. కాగితం మీద నిజమే. మూడో వారం ముగ్గురూ కలిసి వచ్చారు. "వాళ్లేమో బల్లలు తుడుచుకుంటూ తిరుగుతారు, మేం పొద్దున్నే ఇంటికెళ్తే మా పిల్లలు వాసనొస్తున్నావంటున్నారు, ఏం పాపం చేశామని సార్?" నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలకోసారి అందరూ మారేలా పెట్టాను. వేగం కొంచెం పడిపోయింది, పడనివ్వండి, ఒక్కరూ మానేసి పోలేదు. పైగా అందరికీ అన్ని పనులూ రావడంతో ఎవరైనా సెలవు పెట్టిన రోజు గండం గడుస్తోంది. పాత పద్ధతిలో ఒకరు రాకపోతే ఒక ఫ్లోరే పాడయ్యేది, ఇందులో బాత్రూం మనిషి రాకపోతే బిల్డింగు మొత్తం మీద పడుతుంది. ఈ పద్ధతితో మనుషుల్ని తగ్గించొచ్చని మీ పైవాళ్లు లెక్కలేస్తుంటే ముందు ఈ ముక్క వాళ్ల చెవిన వెయ్యండి.

ఐదో నెలలో నాలుగో ఫ్లోర్ వాటర్ కూలర్ జరిపితే దాని వెనక వేలు మందాన దుమ్ము. నలుగురినీ పిలిచి అడిగాను. ఒక్కొక్కరే కార్డు తీసి చూపించారు, "నా దాంట్లో లేదు సార్". నిజమే, ఎవరి దాంట్లోనూ లేదు. ఆ ఫ్లోరు మా పెద్దావిడది అయినన్నాళ్లూ ఆ కూలర్ వెనక ఎవరూ చెప్పకుండానే తుడిచేది. ఆ మాటే అంటే "అప్పుడది నా ఫ్లోరు కదయ్యా" అని ఊరుకుంది. దీనికి నా దగ్గర పూర్తి మందు ఇప్పటికీ లేదు. ప్రతి కార్డు అడుగున రెండు ఖాళీ గీతలు పెట్టాను, కార్డులో లేనిది ఏది కంటపడితే అది రాసి చెయ్యమని. మొదటి రెండు నెలలు ఒక్కరూ పెన్ను పెట్టలేదు. పోయిన వారం పెద్దావిడ కార్డు మీద, వాళ్ల మనవరాలి చేత రాయించుకొచ్చిందట, "మూడో ఫ్లోరు కిటికీ మీద కందిరీగల గూడు, కర్ర కావాలి" అని ఉంది.