ప్లాసీలో మూడేళ్లు: లిమరిక్ యూనివర్సిటీ క్యాంపస్ గురించి నా అనుభవం

ఐర్లండ్‌లో సీటు వచ్చిన రోజు క్యాంపస్‌లోని విద్యార్థి నివాసాల జాబితా నాన్నకి చూపించాను. డ్రమ్‌రో, కిల్మరీ, థోమండ్, కపావిల్లా అని చదువుకుంటూ వెళ్లి ఒక పేరు దగ్గర ఆగారు. "ప్లాసీ విలేజ్ ఏంటమ్మా? ప్లాసీ బెంగాల్లో కదా ఉంది?" బందరులో ముప్పయ్యేళ్లు సోషల్ చెప్పిన మాస్టారు ఆయన. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. కానీ ముందు క్యాంపస్ సంగతి చెప్తాను. ఏటా వేసవి రాగానే మన పిల్లలు నన్ను అడిగేది అదే: "లిమరిక్ ఎలా ఉంటుంది అక్కా, రావచ్చా?"

నేను 2022 సెప్టెంబరులో ఇక్కడికి వచ్చాను. ఏడాది మాస్టర్స్ చేశాను. తర్వాత క్యాంపస్‌ని ఆనుకునే ఉన్న నేషనల్ టెక్నాలజీ పార్కులో ఉద్యోగం దొరికింది. దాంతో చదువు అయిపోయినా క్యాంపస్‌ని వదల్లేదు. మూడేళ్లుగా వారానికి నాలుగైదు రోజులైనా దీని గుండా నడుస్తూనే ఉన్నాను.

ముందు ఒక భ్రమ తీసేయాలి. ఐర్లండ్ యూనివర్సిటీ అనగానే మనవాళ్ల కళ్ల ముందు డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పాత రాతి భవనాలు మెదులుతాయి. ఇక్కడ అవి ఉండవు. ఇది 1972లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్‌గా మొదలై 1989లో యూనివర్సిటీ అయింది. ఐర్లండ్ స్వతంత్ర దేశం అయ్యాక కొత్తగా ఏర్పడ్డ యూనివర్సిటీల్లో ఇదీ, డబ్లిన్ సిటీ యూనివర్సిటీ మొదటివి. అందుకని కట్టడాలు దాదాపు అన్నీ కొత్తవే. ఈ క్యాంపస్ అందం కట్టడాల్లో లేదు, నదిలో ఉంది.

ఐర్లండ్‌లో అన్నిటికన్నా పొడవైన నది షానన్, సుమారు 360 కిలోమీటర్లు. అది క్యాంపస్ మధ్య నుంచి పారుతుంది. ఈ ఒడ్డు లిమరిక్ కౌంటీ, ఆ ఒడ్డు క్లేర్ కౌంటీ. రెంటినీ కలుపుతూ 2007లో తెరిచిన లివింగ్ బ్రిడ్జి ఉంది. 350 మీటర్ల కాలినడక వంతెన, కార్లూ బస్సులూ ఎక్కవు. అది తిన్నగా ఉండదు, చెట్లున్న చిన్న లంకల మీదుగా వంపు తిరుగుతూ వెళ్తుంది. ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. మధ్యకి వచ్చేసరికి కాళ్ల కింద సన్నగా అదురుతుంది, మొదటిసారి నేను కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. కింద బండల మీద కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. అది ఎప్పుడూ అదే కొంగో కాదో నాకు తెలియదు గానీ, కనపడని రోజు మాత్రం వెతుక్కుంటాను.

ఎండాకాలంలో నీళ్లు పలచబడి బండలు బయటపడతాయి. ఇంత పెద్ద నదికి ఇంత తక్కువ నీళ్లేమిటని మొదట ఆశ్చర్యపోయాను. ఎగువన పార్టీన్ దగ్గర నీళ్లని మళ్లించి, కాలువలో ఆర్డ్‌నక్రషా జలవిద్యుత్ కేంద్రానికి పంపుతారు. అది 1929లో పూర్తయింది. క్యాంపస్ దగ్గర పారేది పాత పాయ, మిగిలిన నీళ్లు. మన దగ్గర ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణని చూసి పెరిగినవాళ్లకి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది.

చదువు విషయం. మొదటి వారంలో ఒక లెక్చరర్‌కి "రెస్పెక్టెడ్ సర్" అని మెయిల్ రాశాను. రెండు లైన్ల జవాబు వచ్చింది, కింద ఇంటిపేరు కూడా లేకుండా ఉత్త పేరు. క్లాసులో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. నా నోటికి ఆ పిలుపు అలవాటు కావడానికి సగం సెమిస్టర్ పట్టింది. కానీ అలవాటయ్యాక ఒక మేలు జరిగింది. అర్థం కానిది అడగడానికి భయం పోయింది. తెలియదని చెప్తే ఇక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు. తెలియకుండా తెలిసినట్టు రాస్తేనే ఇబ్బంది.

మన పిల్లలు దెబ్బతినేది అక్కడే. ఆఖరి నెల కూర్చుని చదివి గట్టెక్కే పద్ధతి ఇక్కడ పనికిరాదు. సెమిస్టర్ మొదటి వారాల నుంచే అసైన్‌మెంట్లు, గ్రూప్ ప్రాజెక్టులు ఉంటాయి, మార్కులు అప్పట్నుంచే పోగవుతాయి. ఎవరిదో కోడ్ తీసుకుని పేరు మార్చి ఇవ్వడాన్ని చాలా పెద్ద తప్పుగా చూస్తారు. బీటెక్‌లో రికార్డులు ఎలా రాశామో మనందరికీ తెలుసు. ఆ అలవాటుని విమానం ఎక్కకముందే వదిలెయ్యండి, ఇది నేను బతిమాలి చెప్తున్నాను.

గ్లక్స్‌మన్ లైబ్రరీ నాకు రెండో ఇల్లు. 2018లో దాన్ని బాగా పెంచారు. కొన్ని పుస్తకాలు ఒక పెద్ద గదిలో పెట్టెల్లో ఉంటాయి. కంప్యూటర్‌లో అడిగితే రోబో క్రేన్ ఆ పెట్టెని తీసుకొస్తుంది. ఆ పనిని అద్దం లోంచి చూస్తూ చదువు మర్చిపోయిన సాయంత్రాలు ఉన్నాయి.

ఇక ఇల్లు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఐర్లండ్ అంతటా అద్దె ఇళ్లకి కరువుంది, లిమరిక్ కూడా అందుకు మినహాయింపు కాదు. నేను వచ్చిన కొత్తలో మూడు వారాలు ఒక తెలుగు కుటుంబం వాళ్ల హాల్లో పరుపు వేసుకుని పడుకున్నాను. వాళ్ల చిన్నపాప నిద్ర పాడవకుండా పొద్దున్నే ఆరింటికి పరుపు చుట్టేసి బయటపడేదాన్ని. నాతో వచ్చిన ఒకమ్మాయి ఇండియా నుంచే ఫొటోలు చూసి ఎవరికో డిపాజిట్ పంపింది. ఇక్కడికి వచ్చి ఆ చిరునామాకి వెళ్తే, తలుపు తీసిన ముసలావిడకి అద్దె సంగతే తెలియదు. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆ అమ్మాయి వాళ్ల నాన్న పొలం మీద అప్పు తెచ్చిన డబ్బు అది.

డిగ్స్ అని ఇంకో పద్ధతుంది. ఇంటివాళ్లతో పాటు వాళ్ల ఇంట్లోనే ఒక గదిలో ఉండడం. ప్రకటనలో సోమవారం నుంచి శుక్రవారం వరకు అని ఉంటే దాన్ని సరిగ్గా అర్థం చేసుకోండి. శని, ఆదివారాలు ఆ గది మీది కాదు. ఐరిష్ పిల్లలకి అది సరిపోతుంది, శుక్రవారం సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని సొంతూరికి పోతారు. మనం ఎక్కడికి పోతాం? అందుకే ఆఫర్ వచ్చిన రోజే క్యాంపస్ నివాసాలకి దరఖాస్తు పెట్టండి. దొరక్కపోతే మొదటి నెలకి తాత్కాలికంగా ఏదో ఒకటి చూసుకుని, ఇక్కడికొచ్చి కళ్లారా చూశాకే డిపాజిట్ ఇవ్వండి. చివరికి మేం నలుగురం కలిసి కాసిల్‌ట్రాయ్‌లో ఒక ఇల్లు పట్టాం, క్యాంపస్‌కి ఇరవై అయిదు నిమిషాల నడక. పదికిలోల బియ్యం బస్తా సిటీ నుంచి 304 బస్సులో మోసుకొచ్చి, ఆ ఇంట్లో మొదటిరోజు పప్పుచారు పెట్టుకుని తిన్న రాత్రి నాకు లిమరిక్‌లో నిజంగా నిద్ర పట్టింది.

చలికాలం గురించి కూడా దాచకుండా చెప్పాలి. చలి కన్నా చీకటి కష్టం. డిసెంబరులో పొద్దున ఎనిమిదిన్నర దాటాక గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దుగూకుతుంది. గొడుగు కొనొద్దు, ఈ గాలికి అది నిలవదు, టోపీ ఉన్న వానకోటు కొనండి. క్రిస్మస్ సెలవులకి అందరూ ఊళ్లకి పోయాక, వాన పడుతుంటే, ఖాళీ క్యాంపస్‌లో ఒంటరిగా నడవడం మొదటి ఏడాది నాకు చాలా బరువుగా అనిపించింది. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టినవి రెండు. ఒకటి యూనివర్సిటీ అరీనాలోని 50 మీటర్ల ఈతకొలను, ఐర్లండ్‌లో ఆ కొలతతో వచ్చిన మొదటిది అదే. రెండోది వంతెన అవతల క్లేర్ ఒడ్డున ఉన్న ఐరిష్ వరల్డ్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ అండ్ డాన్స్. అక్కడ మధ్యాహ్నం పూట టికెట్ లేని కచేరీలు జరుగుతాయి, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఫిడేలు వాయించే ఒకమ్మాయి నేలని కాలితో తడుతూ తాళం వేస్తుంటే, ఆదితాళం లెక్కపెడుతూ పెరిగిన నా చెయ్యి తొడ మీద దానంతట అదే కదిలింది.

ఆటల పిచ్చి ఉన్న ఊరు ఇది. మన్‌స్టర్ రగ్బీ జట్టు ప్రాక్టీసు చేసేది ఈ క్యాంపస్‌లోనే. 2023 జులైలో లిమరిక్ జట్టు వరసగా నాలుగోసారి ఆల్ ఐర్లండ్ హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే ఐరిష్ ఆట) పోటీ గెలిచినప్పుడు ఊరంతా ఆకుపచ్చ జెండాలే.

ఎవరు రావచ్చు, ఎవరు రాకపోతే మంచిది అంటే, చదువుతూనే పార్ట్‌టైమ్ డబ్బుతో ఫీజు కట్టేద్దాం అనుకునేవాళ్లు మాత్రం రావద్దు. వీసా ప్రకారం తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే పని చెయ్యాలి, సెలవుల్లో 40. పైగా చిన్న ఊరు కాబట్టి ఆ పనులూ తక్కువే. చేతి ఖర్చులకి వస్తుందంతే. మాస్టర్స్ అయ్యాక రెండేళ్ల వరకు ఉండి పని వెతుక్కునే అవకాశం ఉంది, కానీ ఇంటర్వ్యూల కోసం డబ్లిన్ దాకా బస్సులో తిరగడానికి సిద్ధపడాలి. నెమ్మదిగా, గాలి పీల్చుకుంటూ చదువుకుందాం అనుకునేవాళ్లకి మాత్రం ఇంతకన్నా మంచిచోటు నేను చూడలేదు. అమ్మాయిలకి ఒక మాట. క్యాంపస్ లోపల దీపాలుంటాయి, నేను రాత్రి పదింటికి లైబ్రరీ నుంచి ఎప్పుడూ భయం లేకుండానే నడిచాను. నది గట్టు వెంబడి ఊళ్లోకి వెళ్లే దారిలో మాత్రం చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్లొద్దు.

కిందటి జూన్‌లో అమ్మానాన్నలు వచ్చారు. రాత్రి పదింటికి కూడా వెలుగు ఉంటే అమ్మ, "వీళ్లు అన్నం ఎప్పుడు తింటారే?" అంది. ఇక్కడ బస్సు దిగేటప్పుడు అందరూ డ్రైవర్‌కి థాంక్స్ చెప్తారు. రెండోరోజుకే అమ్మ కూడా "థాంక్యూ బాబూ" అంటూ దిగడం మొదలుపెట్టింది.

నాన్నని ప్లాసీ హౌస్‌కి తీసుకెళ్లాను. నది ఒడ్డున ఉన్న తెల్లటి పాతకాలపు భవనం అది. 1757లో ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్‌కి 1762లో ఐర్లండ్ బిరుదు ఇచ్చారు, బ్యారన్ క్లైవ్ ఆఫ్ ప్లాసీ అని. ఇక్కడ కొన్న భూములకి ఆ యుద్ధం పేరే పెట్టుకున్నాడు. ఆ పేరు ఇప్పటికీ రోడ్డుకి, నివాసానికి, ఈ ఇంటికి ఉండిపోయింది. నేను చెప్పడం అయిపోయాక నాన్న చాలాసేపు ఆ ఇంటి ముందు నిలబడ్డారు. "1759లో బందరు కోట పట్టుకున్న ఫోర్డ్‌ని పంపింది ఈ క్లైవే. 1765లో ఢిల్లీ పాదుషా దగ్గర ఉత్తర సర్కారులకి ఫర్మానా సంపాదించిందీ ఇతనే. పిల్లలకి ఏటా చెప్పేవాణ్ణి. అక్కడి డబ్బు ఎక్కడ తేలిందో ఇన్నాళ్లకి చూశాను." ఆ మాట ఆయన కోపంగా అనలేదు. గోడ మీద చెయ్యి వేసి చూసి, ఫొటో తియ్యమన్నారు.

చూడడానికి వచ్చేవాళ్లకి మేం ఆ రోజు నడిచిన దారే చెప్తాను. ఊళ్లో 304 బస్సెక్కి క్యాంపస్‌లో దిగండి. ప్లాసీ హౌస్ దగ్గర మొదలుపెట్టి నది గట్టుకి దిగండి. 2009 వరదల తర్వాత మూసేసిన పాత బ్లాక్ బ్రిడ్జి అక్కడినుంచి కనిపిస్తుంది. అది చూసి వెనక్కి వచ్చి లివింగ్ బ్రిడ్జి మీదుగా అవతలి ఒడ్డుకి నడవండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి కూడా మొత్తం రెండు గంటలే పట్టింది, మధ్యలో మూడుసార్లు కూర్చున్నాం.