బిల్డ్ ఆర్డర్ సాధనా, ర్యాంక్డ్ మ్యాచ్‌లా? ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో కొత్తవారికి ఏది మేలు?

మా మేనల్లుడు విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవుల్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే, ఊరు కట్టి సైన్యంతో ఎదుటివాడిని ఓడించే కంప్యూటర్ ఆట కొనుక్కుని, వెనకాముందూ చూడకుండా ర్యాంక్డ్ మ్యాచ్‌ల్లోకి (గెలుపోటములను బట్టి రేటింగ్ మారే ఆన్‌లైన్ పోటీల్లోకి) దిగాడు. వరుసగా పదకొండు ఓడాడు. పన్నెండోదీ పోయాక నాకు ఫోన్ చేశాడు.

“మామయ్యా, ఈ ఆట నావల్ల కాదు. అవతలివాడు ఏనుగులు దింపాడు. ఏనుగులకు విరుగుడు ఏమిటో చెప్పు.”

“అవి ఎన్నో నిమిషంలో వచ్చాయిరా?”

“ముప్పయ్యో నిమిషానికి కాస్త అటూ ఇటూగా.”

“మరి నువ్వు ఫ్యూడల్ ఏజ్‌కు ఎప్పుడు చేరావు?”

ఆటలో డార్క్ ఏజ్ తరువాత వచ్చే రెండో యుగం అది, దాని తరువాతది క్యాజిల్ ఏజ్. వాడి దగ్గర జవాబు లేదు. మ్యాచ్ ముగిశాక కనిపించే గణాంకాలు తెరిచి చూడమన్నాను. 13 నిమిషాల 40 సెకన్లు అన్నాడు. ఆ అంకె వినగానే ఏనుగుల సంగతి పక్కన పెట్టేశాను.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఆట మొదట్లో మన దగ్గర ముగ్గురు విలేజర్లు (పనివాళ్లు), ఒక స్కౌట్ (గుర్రం మీద తిరిగే వేగు) ఉంటారు. ఊరి ప్రధాన భవనమైన టౌన్ సెంటర్ ఒక విలేజర్‌ను తయారుచేయడానికి 50 ఆహారం, 25 సెకన్లు తీసుకుంటుంది. ముగ్గురు ఇరవై మంది కావాలంటే ఇంకా 17 మంది కావాలి, అంటే 425 సెకన్లు. అక్కడే చేసే, విలేజర్ల ప్రాణం పెంచే లూమ్ అనే మెరుగుదలకు మరో 25. టౌన్ సెంటర్ క్షణం కూడా ఆగకపోతే 7 నిమిషాల 30 సెకన్లకు ఫ్యూడల్ బటన్ నొక్కవచ్చు. ఆ మార్పుకు 130 సెకన్లు పడుతుంది కాబట్టి 9 నిమిషాల 40 సెకన్లకు ఫ్యూడల్‌లో ఉంటాం. మావాడు కూడా సరిగ్గా ఇరవై మందితో, లూమ్ చేసుకునే పైకి వెళ్లాడు. కానీ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్లాడు. అంటే 240 సెకన్లపాటు వాడి టౌన్ సెంటర్ పని లేకుండా నిలబడింది. తొమ్మిది మంది విలేజర్లు పుట్టాల్సిన సమయం అలా పోయింది. ముప్పయ్యో నిమిషంలో వచ్చిన ఏనుగులు ఆ బాకీని వసూలు చేసుకుని వెళ్లాయి, అంతే.

కొత్తగా ఈ ఆటలోకి వచ్చేవారు అడిగే ప్రశ్న ఒకటే: బాగుపడాలంటే ఏం చేయాలి? దారులు నాలుగు కనిపిస్తాయి. కంప్యూటర్ మీద ఒంటరిగా బిల్డ్ ఆర్డర్ (ఏ విలేజర్ ఎప్పుడు ఏ పని చేయాలనే వరుస) సాధన చేయడం, ర్యాంక్డ్‌లో నిజమైన మనుషులతో ఆడటం, మేటి ఆటగాళ్ల వీడియోలు చూడటం, మన రీప్లేలు (ఆడేసిన మ్యాచ్‌ల రికార్డింగ్‌లు) మనమే చూసుకోవడం. నాలుగింటికీ ఎంతో కొంత విలువ ఉంది. అయితే ఆ విలువలు సమానం కావు.

ఒంటరి సాధనతో మొదలుపెడదాం. దాని బలమంతా మొదటి పది నిమిషాల్లో ఉంది. టౌన్ సెంటర్ అయిదుగురికే చోటిస్తుంది. మొదట్లోనే నలుగురం ఉన్నాం కాబట్టి ఒక విలేజర్ పుట్టగానే చోటు నిండిపోతుంది. మొదటి 25 సెకన్లలోపే ఇల్లు లేవకపోతే రెండో విలేజర్ రాడు. ఇది చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. చేతికి రావాలంటే మాత్రం పదిసార్లు చేయాలి. పైగా ర్యాంక్డ్‌లో ఆట గడియారం మన గోడ గడియారం కంటే 1.7 రెట్లు వేగంగా తిరుగుతుంది. ఆ 25 సెకన్లు మనకు దాదాపు పదిహేనే.

అడవిపంది సంగతి కూడా అంతే. ఒక్క పందిలో 340 ఆహారం ఉంటుంది, మూడు గొర్రెల కంటే ఎక్కువ. ఒక విలేజర్ బాణం వేసి దాన్ని రెచ్చగొట్టి, టౌన్ సెంటర్ దాకా తన వెంట పరిగెత్తించుకు రావాలి. డార్క్ ఏజ్‌లో విలేజర్ ప్రాణం 25 పాయింట్లే కనుక కాస్త తడబడితే మనిషి పోతాడు. ఇలాంటివి ఎదుటివాడి భయం లేనిచోట నేర్చుకోవడమే మంచిది. ఆటలోనే ఉన్న ఆర్ట్ ఆఫ్ వార్ పాఠాలు ఇందుకు చక్కగా పనికొస్తాయి. ఎంత వేగంగా చేశామో చూసి పతకాలు ఇస్తాయి. ఆర్థిక పాఠంలో కనీసం వెండి పతకం వచ్చేదాకా ర్యాంక్డ్ వైపు వెళ్లవద్దని నేను గట్టిగానే చెబుతాను.

కానీ ఒంటరి సాధనకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. కంప్యూటర్ అలవాట్లు కొద్ది మ్యాచ్‌ల్లోనే పట్టుబడతాయి. ఆ తరువాత మనం ఆట నేర్చుకోవడం మానేసి, కంప్యూటర్‌ను ఓడించడం నేర్చుకుంటాం. నెలల తరబడి కంప్యూటర్ మీదే ఆడి, బిల్డ్ ఆర్డర్ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలిగి, మొదటి మానవ ప్రత్యర్థి పంపిన మూడు స్కౌట్‌లకు చేతులెత్తేసినవారిని చూశాను. వాళ్ల బిల్డ్ ఆర్డర్‌లో తప్పేమీ లేదు. కట్టెలు కొట్టే విలేజర్ల మీద గుర్రాలు పడినప్పుడు కూడా హెచ్ మీట, క్యూ మీట నొక్కుతూ టౌన్ సెంటర్‌ను నడిపించడం వాళ్లు ఎప్పుడూ చేయలేదు. అది కంగారులోనే అలవడే పని.

ర్యాంక్డ్ ఇచ్చేది ఆ కంగారునే. అందుకే అది తప్పనిసరి. కానీ అందులో ఒక ఇబ్బంది ఉంది, చాలామంది అక్కడే ఆట వదిలేస్తారు. రేటింగ్ 1000 దగ్గర మొదలవుతుంది. నిజంగా కొత్తవారికి అది చాలా ఎక్కువ. అక్కడ ఎదురయ్యేవారు మ్యాప్‌లు, యూనిట్‌లు, విరుగుడులు తెలిసినవారు. కాబట్టి మొదటి పది, పదిహేను మ్యాచ్‌లు దాదాపు అన్నీ పోతాయి. రేటింగ్ దిగి దిగి మన అసలు మెట్టు చేరాకే సమఉజ్జీలు తగులుతారు. ఆ పన్నెండు ఓటములు మా మేనల్లుడి తెలివికి తీర్పు కావని, వాడి మెట్టు వెతకడానికి పట్టిన సమయమని చెబితే మొదట నమ్మలేదు. ఈ మాట ఆట మొదలుపెట్టే ప్రతివారికీ ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతమంది నిలిచేవారో అనిపిస్తుంది.

వీడియోల గురించి ఎక్కువ చెప్పను. నార్వేకు చెందిన ద వైపర్, కెనడాకు చెందిన హేరా ఆడుతుంటే చూడటం గొప్ప ఆనందం. నేనూ చూస్తాను. కానీ వాళ్లు మ్యాంగొనెల్ అనే యంత్రం విసిరే రాళ్లను తప్పించుకుంటూ ఆర్చర్లను (విలుకాళ్లను) విడదీసి కలిపే విన్యాసం చూసి కొత్తవారు అదే చేయబోతారు. వాళ్లు ఆ పని చేస్తున్న క్షణంలో కూడా వెనకాల టౌన్ సెంటర్‌లు ఆగవు. మనవి ఆగుతాయి. వీడియో చూడాలనుకుంటే మొదటి పది నిమిషాలు చూడండి. యుద్ధం వైపు వద్దు, విలేజర్లు ఎప్పుడు ఎటు వెళ్తున్నారో చూడండి.

ఇక రీప్లే. నా ఓటు దీనికే. ఎవరూ ఇష్టపడని పని ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను.

ఆ రాత్రి మావాడి పన్నెండో మ్యాచ్ రీప్లేను ఇద్దరం కలిసి చూశాం. వాడు స్క్రీన్ పంచాడు. యుద్ధం దాకా వెళ్లనివ్వలేదు, మొదటి పన్నెండు నిమిషాలే. టౌన్ సెంటర్ మీద క్లిక్ చేసి ఉంచమన్నాను. రెండో నిమిషంలో ఒకసారి ఆగింది. స్కౌట్‌తో గొర్రెలు వెతుకుతూ వీడు ఇటు చూడలేదు. నాలుగో నిమిషం దాటాక మళ్లీ ఆగింది. ఈసారి ఇల్లు లేదు. ఏడో నిమిషంలో ఆగినప్పుడు ఇల్లుంది కానీ ఆహారం 50 లేదు. ఎందుకు లేదని వెనక్కి తిప్పితే, గొర్రెలు అయిపోయాక నలుగురు విలేజర్లు చేతులు కట్టుకుని టౌన్ సెంటర్ పక్కనే నిలబడి ఉన్నారు. దాదాపు ఒక నిమిషం అలాగే ఉన్నారు. మావాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఇదంతా నేనే చేశానా మామయ్యా?” అన్నాడు.

ఒంటరి సాధనలో ఈ మూడు అంతరాయాలూ కనబడేవి కావు. అక్కడ ధ్యాసంతా ఒక్కచోటే ఉంటుంది కాబట్టి అవి జరగవు. ర్యాంక్డ్‌లో జరుగుతాయి, కానీ ఆడుతున్నవాడికి కనబడవు. వాడికి ఏనుగులే కనబడతాయి. జరిగినదాన్నీ, జరిగినచోటునూ కలిపి చూపించేది రీప్లే ఒక్కటే. దానికి పట్టేది పది నిమిషాలు. వేగం పెంచి చూస్తే ఇంకా తక్కువ.

కాబట్టి ఇలా పంచుకోమంటాను. వారానికి అయిదారు గంటలు దొరికితే, ఆడటానికి కూర్చున్నప్పుడల్లా ముందు ఒక్కసారి కంప్యూటర్ మీద మొదటి పది నిమిషాలు ఆడి ఆపేయాలి. ఆ వెంటనే ర్యాంక్డ్‌లో ఒకటో రెండో మ్యాచ్‌లు. ఓడిన ప్రతి మ్యాచ్‌కూ రీప్లేలో మొదటి పన్నెండు నిమిషాలు. ఒకే మ్యాప్, అరేబియా అయితే మేలు. ఒకే బిల్డ్ ఆర్డర్. స్కౌట్‌లా, ఆర్చర్లా అంటే కొత్తవారికి స్కౌట్‌లే. ఒక్కోదానికి 80 ఆహారం చాలు, బంగారం తవ్వనక్కర్లేదు, పరిస్థితి బాగాలేకపోతే గుర్రం పారిపోగలదు. ఆర్చర్‌కు కట్టెలు, బంగారం రెండూ కావాలి, పక్కన నిలబడి కాచుకోవాలి.

సివిలైజేషన్ (మనం ఎంచుకుని ఆడే జాతి) దగ్గర మాత్రం మనవారికి ఒక మోజు ఉంటుంది, దాన్ని నేను అర్థం చేసుకోగలను. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంలో ద్రవిడియన్స్ ఉన్నారు. దక్షిణాదివాళ్లం, మనది మనం ఆడకపోతే ఎలా అనిపిస్తుంది. మావాడు కూడా వాళ్లనే ఎంచుకున్నాడు. కొత్త ఏజ్‌కు వెళ్లినప్పుడల్లా 200 కట్టెలు ఉచితంగా రావడం బాగానే ఉంటుంది. కానీ ద్రవిడియన్స్‌కు నైట్‌లు (బలమైన గుర్రపు యోధులు) లేరు. స్కౌట్‌లతో మొదలుపెట్టినవాడు క్యాజిల్ ఏజ్‌లో సహజంగా వెళ్లాల్సిన దారి అక్కడ మూసుకుపోతుంది. నేర్చుకునే రోజుల్లో ఫ్రాంక్స్ మేలు. గుర్రపు దళాలకు ప్రాణం 20 శాతం ఎక్కువ, పొలాల మెరుగుదలలన్నీ ఉచితం, పండ్లు వేగంగా కోస్తారు. మరిచిపోయేవాడిని మన్నించే సివిలైజేషన్ అది. స్కౌట్‌లు చేతికి వచ్చాక ద్రవిడియన్స్‌ను నిక్షేపంగా తీసుకోవచ్చు. స్కర్మిషర్లు (ఈటెలు విసిరేవారు), ఏనుగు ఆర్చర్లు వాళ్ల దగ్గర 25 శాతం వేగంగా దాడి చేస్తారు, అప్పుడు ఆ ఆట అందం వేరు.

మూడు వారాల తరువాత మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. ఫ్యూడల్‌కు 10 నిమిషాల 25 సెకన్లకు చేరాడట. మ్యాచ్ మాత్రం పోయిందన్నాడు, ఈసారి ఏనుగుల ఊసు ఎత్తలేదు.

“ఎనిమిదో నిమిషంలో ఒకసారి ఆగింది మామయ్యా, పందిని తెస్తున్నప్పుడు. మిగతాదంతా నడిచింది. రీప్లే చూసేశాను.”