క్యావిటీ గోడ కింది ఉక్కు దూలం: నల్లగొండలో డ్రాయింగు చదివి చెప్పిన స్ట్రక్చరల్ ఇంజినీరు సేవపై సమీక్ష

దేవరకొండ రోడ్డులో మేము కట్టుకుంటున్న ఇంటికి పడమటి ఎండ సూటిగా తగులుతుంది కాబట్టి, ఆ వైపు నాలుగున్నర అంగుళాల గోడలు రెండు, మధ్య 50 మిల్లీమీటర్ల ఖాళీతో, మొత్తం 280 మిల్లీమీటర్ల మందాన క్యావిటీ గోడ వేయించాము. కింద దుకాణం కోసం 3 మీటర్ల వెడల్పు తెరిపి ఉంచి, దానిపై గోడను ఉక్కు దూలాల మీద నిలపమని హైదరాబాదు నుంచి వచ్చిన డ్రాయింగు చెప్పింది. దాన్ని మా మేస్త్రీ ఒక రకంగా, వెల్డరు మరో రకంగా అర్థం చేసుకోవడంతో గడియారం చౌరస్తా దగ్గరి ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును ఆశ్రయించాను.

డ్రాయింగులో ఐఎస్ఎంబీ 200 దూలాలు (I ఆకారపు ఉక్కు దూలాలు, 200 అంటే మిల్లీమీటర్లలో ఎత్తు) రెండు, ఒక్కో గోడ కింద ఒక్కొక్కటి, వాటి పైన 240 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉక్కు ప్లేటు ఉన్నాయి. రెండెందుకు, ఐఎస్ఎంబీ 250 ఒక్కటి వేసి వెడల్పాటి ప్లేటు అతికిస్తే మీటరుకు పదమూడు కిలోల ఉక్కు మిగులుతుంది కదా అన్నది వెల్డరు వాదన. ఆ దూలం వెడల్పు 125 మాత్రమే కాబట్టి బయటి గోడ బరువంతా ప్లేటు అంచు మీద పడి దూలాన్ని మెలిపెడుతుందని ఇంజినీరు గారు అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన నిలిపి చూపించారు. మూడు మీటర్ల ఎత్తు గోడ, ప్లాస్టరు లేకుండానే, మీటరు పొడవుకు దాదాపు 1,300 కిలోలు తూగుతుందట. రెండు దూలాలైతే నడుమ వంగేది రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే.

గోడ 280 ఉంటే ప్లేటు 240 వేయడం పొరపాటేమో అని మేస్త్రీ పట్టుబట్టాడు. దూలాల వెలుపలి అంచు నుంచి అంచుకు 265 వస్తుందనీ, ప్లేటు సన్నగా ఉంటేనే ఇరువైపులా పన్నెండున్నర మిల్లీమీటర్ల మెట్టు మిగిలి 6 మిల్లీమీటర్ల వెల్డింగు పైనుంచే పడుతుందనీ తెలిసాక తగ్గాడు. ఖాళీలో ఏటవాలుగా గీసిన లావుపాటి గీతను మేమంతా ప్లాస్టరు అనుకున్నాము; అది లోపలికి దిగిన వాన నీటిని బయటికి మళ్లించే తేమ నిరోధక పొర అట, దాని వెంబడి బయటి వరుసలో అక్కడక్కడ నిలువు సందులు సిమెంటు పెట్టకుండా వదలాలట. ఈ ఒక్క మాటకే ఇచ్చిన ఫీజు సరిపోయింది.

లోపం లేకపోలేదు. ఒక్కో చివర గోడ మీద 200 మిల్లీమీటర్లు ఆనాలంటే దూలం పొడవు 3,400 అని ముందే చెప్పాల్సింది. మేము 3,300కే కోయించిన తరువాత చెప్పారు. 150 ఆనినా దూలం చివర కింద కాంక్రీటు దిమ్మ (బెడ్ బ్లాకు) ఉన్నందున చాలునని లెక్క వేసి సంతకం పెట్టిచ్చారు, కానీ ఈలోగా రెండు రోజులు పని ఆగింది. సైటుకు వచ్చినందుకు విడిగా తీసుకుంటారన్నదీ బిల్లు చూశాకే తెలిసింది. ఐదుకు నాలుగు ఇస్తాను. వెళ్లేవారు ఉక్కు కొనక ముందే వెళ్లండి, కోత పొడవులు కాగితం మీద రాయించుకోండి.