ముందే మారడమా, డయాలసిస్ దాకా ఆగడమా?

"ఏ నొప్పీ లేదు కదా, పరీక్షెందుకు?" అంటారు కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామంది. కిడ్నీ జబ్బుతో చిక్కే అది. దాదాపు సగం పనితనం పోయేదాకా, రక్తపరీక్షలో కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కూడా పెద్దగా పెరగదు.

డయాలసిస్ దాకా ఆగితే? సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు రక్తం శుభ్రం చేసే మెషిన్ దగ్గర పడుకోవాలి. జీడితోట పని పోతుంది, తోడొచ్చే మనిషి కూలీ కూడా పోతుంది. తాగే నీళ్లూ గ్లాసుతో కొలుచుకోవాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. పెద్ద ఊరటే, కానీ అది ఉంది కదా అని ఆగకూడదు.

ముందే మారితే ఖర్చు తక్కువ: ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష, బీపీ అదుపు, ఉప్పుచేప తగ్గించడం. అన్నిటికన్నా కష్టం ఒళ్లునొప్పుల బిళ్ల మానడం. పొద్దంతా కొబ్బరితోటలో కష్టపడి, సాయంత్రం కొట్లో బిళ్ల కొని టీతో మింగడం మా వైపు బాగా అలవాటు. రోజూ వేసుకుంటే అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. ముందే మారినా జబ్బు రాదన్న హామీ లేదు. వచ్చినా డయాలసిస్‌ను ఏళ్లపాటు వెనక్కి నెట్టొచ్చు. నాకైతే ఆ ఏళ్లే ముఖ్యం.

ఇంట్లో నాన్నకో అన్నకో ఈ జబ్బుంటే మాత్రం ఈ వారమే వెళ్లి పరీక్ష చేయించుకోండి.