సైలెన్సర్ల నుంచి నీళ్ళు: నల్లగొండల చిన్న పెట్రోల్ కారు ఏండ్లకేండ్లు నడిపినంక నా రివ్యూ

కారు పేరు చెప్తలేను, ఎందుకంటె ఈ ముచ్చట ఒక్క కంపెనీది కాదు, పెట్రోల్ కారు ఏదైన ఇదే కథ. నాది 2017ల కొత్తగ తీస్కున్న బీఎస్4 (అప్పటి పొగ నిబంధనల) బండి. ఎక్కువ నల్లగొండ టౌన్లనే తిరుగుతది, ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి గడియారం సెంటర్, మార్కెట్, మల్ల ఇల్లు, అంటె ఒక్కసారి స్టార్ట్ చేస్తె రెండు మూడు కిలోమీటర్ల కంటె ఎక్కువ పోదు. అప్పుడప్పుడు మిర్యాలగూడ, ఎప్పుడన్న హైదరాబాద్. ఈ వాడకం గురించి ముందే ఎందుకు చెప్తున్ననంటె సైలెన్సర్ ఎన్నేండ్లు వస్తదనేది దీని మీదనే ఉంటది.

పొద్దుగాల స్టార్ట్ చేస్తె సైలెన్సర్ మూతి నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలు పడుడు, చలికాలం అయితె తెల్లగ ఆవిరి గూడ వచ్చుడు, ఇది మొదటి రోజు నుంచి ఉన్నదే. మా దిక్కు దీని మీద రెండు మాటలు నడుస్తయి. ఒకటేమో "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఇంజన్ దించాలె" అని (కూలెంట్, అంటె ఇంజన్‌ను చల్లగుంచే నీళ్ళు, సిలిండర్లకు పోకుండ ఆపే సీలు అది). హైవే మీద ఒక షెడ్డుల నాకు సూటిగ ఇదే మాట చెప్పిన్రు, బానెట్ గూడ లేపి చూడకముందే. ఇంకొకటి దీనికి ఉల్టా, "నీళ్ళు పడుతున్నయంటె ఇంజన్ ఫస్ట్ క్లాస్" అని, సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మేటోళ్ళకు ఈ మాటంటె మస్తు ఇష్టం, స్టార్ట్ చేసి సైలెన్సర్ కింద చెయ్యి వెట్టి తడి చూపిస్తరు. నన్నడిగితె రెండూ నమ్మొద్దు.

అసలు సంగతేందంటె పెట్రోల్ల కార్బన్‌తోటి హైడ్రోజన్ గూడ ఉంటది, కాలినప్పుడు ఆ హైడ్రోజన్ గాలిల ఆక్సిజన్‌తోటి కలిసి నీళ్ళయితది. ఎంత నీళ్ళు అనుకుంటున్నరు, లీటర్ పెట్రోల్ కాలితె దగ్గర దగ్గర లీటర్ నీళ్ళు తయారయితయి! మొదట విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలె, తర్వాత లెక్కేసి చూస్తె కరెక్టే, ఆ నీళ్ళ బరువు ఎక్కువ భాగం గాలిల ఆక్సిజన్ నుంచి వస్తది. ఇవన్నీ ఆవిరి లెక్కనే బయటికి పోతయి గాబట్టి మనకు కనవడయి, గాని సైలెన్సర్ చల్లగ ఉన్నప్పుడు, అంటె దాదాపు 50 డిగ్రీల లోపల ఉన్నప్పుడు, అన్నం గిన్నె మూతకు చెమట పట్టినట్టు లోపల నీళ్ళు పట్టి కారుతయి. గొట్టం వేడెక్కినంక బందు. అందుకే మే నెలల, మా ఊరి ఎండ సంగతి తెలుసు గదా, ఒకట్రెండు నిమిషాలు పడి ఆగిపోతయి, సంక్రాంతి పొద్దుల్ల అయితె పానగల్లు దాటేదాంక పడుతనే ఉంటయి. క్యాటలిటిక్ కన్వర్టర్ గూడ మిగిలిన పొగను కాలుస్తది, దాన్లకెల్లి గూడ ఇంత నీళ్ళొస్తయి, అది పని చేసుడు షురూ కావాల్నంటె 250–300 డిగ్రీల వేడి కావాలె.

ఇగ ఇంజన్ మంచిగున్నదనే మాట ఎందుకు నమ్మొద్దంటె, అరిగిపోయిన ఇంజన్ల పెట్రోల్ కాలినా నీళ్ళయితే వస్తయి గదా. నీళ్ళు పడుడు చూసి బండి కొనేటోళ్ళను చూస్తె నాకు నవ్వొస్తది.

మా బామ్మర్దిది మహబూబ్‌నగర్ల సీఎన్జీ కారు, వానికి ఇంక ఎక్కువ కారుతది, "బావా, నా బండిల ట్యాప్ లీకయితున్నది" అని ఫోన్ చేసిండు ఒకసారి. సీఎన్జీ అంటె ఎక్కువ మీథేన్, దాన్ల హైడ్రోజన్ ఎక్కువ, కిలో గ్యాస్ కాలితె రెండు కిలోల మీద నీళ్ళు. డీజిల్ బండ్లల్ల తక్కువ కనవడతయి, నీళ్ళు తయారయితయి గాని గాలి మస్తు కలుస్తది గాబట్టి ఆవిరి పల్చగయి అంత తొందరగ నీళ్ళుగ మారదు. ఇప్పుడు ఇంకో పుకారు, 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోల్ వచ్చినంకనే నీళ్ళు పడుతున్నయని. 2017ల గూడ పడ్డయి సామీ. లీటర్ ఇథనాల్ కాలితె వచ్చే నీళ్ళు గూడ దగ్గర దగ్గర లీటర్ పెట్రోల్‌కు వచ్చినన్నే. బంకుల పెట్రోల్ల నీళ్ళు కలిస్తె అది వేరే లొల్లి, అప్పుడు బండి జర్కులు కొడ్తది, ఆగిపోతది, సైలెన్సర్ చూసి పట్టే సంగతి కాదు.

ఇగ మన సైలెన్సర్ ఎట్లున్నదంటె, కంపెనీ నుంచి వచ్చింది ఐదేండ్ల చిల్లర నడిచింది. తర్వాత ఎనక డబ్బా కింది భాగం తుప్పు పట్టి చిల్లు పడ్డది, బండి ట్రాక్టర్ లెక్క సౌండ్. ఎనక డబ్బానే ఎందుకు పోతదంటె అది ఇంజన్‌కు అన్నిటికంటె దూరం, రెండు కిలోమీటర్లల్ల అది వేడి గానే గాదు. నీళ్ళు లోపలనే నిల్వ, సాయంత్రం మల్ల ఇంత, తెల్లారి ఇంకింత. పైగా అవి ఉత్త నీళ్ళు గావు, పొగల గ్యాసులు కలిసి జర పులుపెక్కుతయి, అందుకే రేకును తింటయి. ఆ పులుపు పెంచే సల్ఫర్ పెట్రోల్ల బీఎస్4 టైంల 50 పీపీఎం (పది లక్షల పాళ్ళల్ల 50) దాంక ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి 10కి దిగింది, అది కొంత నయం. ఒకాయన ఆ నీళ్ళు పట్టి బ్యాటరీల పోయొచ్చా అని అడిగిండు, డిస్టిల్డ్ వాటరే గదా అని. వద్దన్నా, దాన్ల మసి, యాసిడ్ ఉంటయి.

మా దగ్గర ఇంటి ముంగట కారు ఎనక మూతి వాకిలి దిక్కు వెట్టి స్టార్ట్ చేస్తె ముగ్గు మీద నల్ల చుక్కలు, దాని మీద ఇంట్ల పంచాయితి. ఆ నలుపు మసినే, చలి ఇంజన్ ఎక్కువ పెట్రోల్ తాగుతది గాబట్టి వస్తది, నూనె జిడ్డు లేకపోతె భయం లేదు.

పాతది పోయినంక లోకల్ రేకు సైలెన్సర్ ఏపిచ్చిన, కంపెనీ పార్ట్ ధరల సగం గూడ లేదు. సౌండ్ మొదట మంచిగనే ఉండె, గాని రెండు వానకాలాలు తిరగంగనే కుట్టు దగ్గర తుప్పు. పైసలు మిగిలినయనుకుంటె మిగలలె. తర్వాత స్టెయిన్‌లెస్ స్టీల్‌ది ఏపిచ్చిన, ఇప్పటిదాంక మంచిగున్నది. కొనేటప్పుడు మాగ్నెట్ పెట్టి చూడుమంటరు, అతుక్కుంటె స్టీల్ కాదని, అది తప్పు, సైలెన్సర్లకు వాడే 409 గ్రేడ్ స్టెయిన్‌లెస్‌కు మాగ్నెట్ మంచిగ అతుక్కుంటది. ఇంకోటి, చానా బండ్లకు డబ్బా కింద సన్న బొక్క ఉంటది, రెండు మూడు మిల్లీమీటర్లు, నీళ్ళు పోనీకే కంపెనీయే వెట్టింది. వెల్డింగ్ షాపుల అది చూసి "లీకేజ్ ఉన్నది సార్" అని మూసేస్తరు, దగ్గర నిలవడి వద్దనాలె.

పొద్దుగాల పది నిమిషాలు నిలవెట్టి రేస్ చేస్తె ఎనక డబ్బా ఎండదు, పెట్రోల్ దండగ, చలి ఇంజన్‌కు దెబ్బ. వారానికి ఒకసారన్న నార్కట్‌పల్లి దాంక గట్ల పోయి రావాలె, అరగంట నడిస్తె లోపలంత ఆరుతది. నేను పార్కింగ్ గూడ ర్యాంప్ మీద ముక్కు పైకి వెట్టే చేస్త.

ఇగ నిజంగ భయపడాల్సింది ఎప్పుడంటె, బండి మంచిగ వేడెక్కినంక గూడ తెల్లపొగ గుప్పుగుప్పున వస్తనే ఉంటె, వాసన తియ్యగ కొడ్తె, కూలెంట్ డబ్బాల మట్టం మినిమం గీత కిందికి దిగుతనే ఉంటె, టెంపరేచర్ ముల్లు లేస్తె. ఆయిల్ మూత తీస్తె పాలచాయ్ రంగు మీగడ ఉంటె గూడ అనుమానమే, టౌన్ల తిరిగే బండ్లకు చలికాలం మూతకు ఉత్తగనే ఇంత పడ్తది గాబట్టి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గూడ చూడాలె. కూలెంట్ పొద్దుగాల చల్లగున్నప్పుడే చూడాలె, వేడి మీద రేడియేటర్ మూత ముట్టొద్దు. ముందర ఎడమ దిక్కు కింద పడే నీళ్ళు ఏసీవి, దానికి దీనికి సంబంధం లేదు. తుప్పుకు గొట్టం మధ్యల చిల్లు పడ్డదనుకో, అది ఇంక డేంజర్, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తది, దానికి వాసన ఉండదు, ఏసీ ఏస్కొని బండ్ల పండుకునేటోళ్ళు ఇది యాదికి వెట్టుకోండ్రి.

స్టీల్ సైలెన్సర్‌కు నేను ఐదుకు నాలుగిస్త. ఒకటి ఎందుకు కట్ చేసిన్నంటె బరువు ఎక్కువ, వేలాడే రబ్బర్లు తొందరగ సాగుతున్నయి, స్పీడ్ బ్రేకర్ మీద టంగున కొడ్తది, రబ్బర్లు ఒకసారి మార్పిచ్చిన, క్లాంప్ మల్ల బిగియ్యాలె.