ఎరువుల రాయితీయా, ఉపాధి కూలియా?

గోదావరి డెల్టాలోని పేదకు న్యాయం జరగాలంటే బడ్జెట్ సొమ్ము ఎరువుల రాయితీకి ఎక్కువగా వెళ్లాలా, ఉపాధి పనుల కూలికి వెళ్లాలా అన్నది క్రైస్తవుడు వాక్యపు వెలుగులో తూచవలసిన ప్రశ్న. రాయితీ బస్తాల లెక్కన అందుతుంది కనుక, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీటితో పండుతున్న ఈ నేలలో ఎకరాలు ఎక్కువ ఉన్నవారికే ఎక్కువ చేరుతుంది. కౌలు రైతుకు కొంత మిగిలినా, కౌలు పెంచి యజమాని దానిని లాగేసుకునే వీలుంది. సెంటు భూమి లేని నాట్ల కూలీకి నేరుగా ఏమీ రాదు.

ఉపాధి హామీ అలా కాదు. 2005 నాటి చట్టం గ్రామీణ కుటుంబానికి ఏటా 100 రోజుల పనిని, 15 రోజుల్లోపు కూలిని హక్కుగా ప్రకటించింది. ద్వితీయోపదేశకాండము 24:15 సూర్యుడు అస్తమించకముందే కూలి ఇమ్మంటుంది. ఆ కొలతకు 15 రోజులే ఆలస్యం, అవీ దాటితే ఇక చెప్పేదేముంది! లేవీయకాండము 19లో పొలం ఓరలను, పరిగెను (కోతలో రాలిపోయిన వెన్నులను) పేదలకు విడిచిపెట్టమన్నది యజమాని దయకు వదిలిన దానం కాదు, ఆజ్ఞ; పరిగె ఏరుకునే శ్రమ మాత్రం పేదదే, కనుక అది ఉపాధి పనికే దగ్గర.

రాయితీని ఎత్తివేయమనను గాని నా మొగ్గు కూలి వైపే. నాట్లప్పుడు, కోతలప్పుడు మనుషులు దొరకరన్న రైతుల మాటలోనూ నిజం ఉన్నందున, కాలువలకు నీరు ఆపేసే వేసవిలో పూడికతీతకు ఆ పనిదినాలను కేటాయించడం ఇరువురికీ ప్రయోజనకరం.